కత్తెర గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ కత్తెర గారికి,

విశాఖపట్నం, అల్లిపురం నుంచి ఒక రిటైర్డ్ గుమాస్తా నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఉభయ అంటే ఇక్కడ మీ రెండు కత్తులే. మా ఇంట్లో ఇంకెవరూ కుశలంగా లేరు.

మిమ్మల్ని పూర్ణా మార్కెట్లో బేరమాడి తెచ్చింది నేనే. పాల ప్యాకెట్ల మూలలు కత్తిరిస్తూ, జాకెట్ గుడ్డల దారాలు తుంచుతూ, పని లేనప్పుడు వంటింట్లో మేకుకి వేలాడుతూ బుద్ధిగా ఉండేవారు. ఇప్పుడు మిమ్మల్ని రచయిత అంటున్నారు.

మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. ఈ ఏడాది ఒక ‘ఆర్టిస్ట్ బుక్’ చేస్తోంది. ఎవరో చిత్రకారుడి జీవిత చరిత్ర కాబోలు అనుకున్నాను. కాదట, పుస్తకమే బొమ్మట. అందులో కవిత్వం కూడా ఉంటుంది గానీ ఎవరూ రాయరు. దొరుకుతుంది. దాని పేరే ‘దొరికిన కవిత్వం’. ఎక్కడ దొరుకుతుందమ్మా అంటే, నా బీరువాలో.

కరెంటు బిల్లులు పోయాయి. మా పెళ్లి శుభలేఖలో ‘బంధుమిత్ర సపరివార సమేతముగా విచ్చేసి’ అన్న చోట ‘విచ్చేసి’ ఒక్కటే మిగిలింది. గోడ క్యాలెండర్లో రాహుకాలాలన్నీ మీరే మింగారు. ఏ రోజు ఎప్పుడో తెలియక మా అత్తగారు నెలంతా రాహుకాలంగానే పాటిస్తున్నారు. “ఏటమ్మా, ఆ కాయితాలన్నీ అలా సింపేస్తన్నావు?” అని ఆవిడ అడిగితే, “చింపడం లేదు అమ్మమ్మా, కత్తిరిస్తున్నాను” అని జవాబు. ఆ రెంటికీ తేడా ఉందట.

మీ వంశ చరిత్ర మాకు రోజూ భోజనాల దగ్గర వినిపిస్తోంది. 1920లో ట్రిస్టన్ జారా అనే ఆయన కవిత్వం చేసే పద్ధతి చెప్పాడు. పేపర్లో ఒక వార్త తీసుకో, మాటలన్నీ విడివిడిగా కత్తిరించు, సంచిలో వెయ్యి, నెమ్మదిగా కుదుపు, వచ్చిన వరసలో రాసుకో, అయిపోయింది. నేను విని, మన ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ అమ్మే అబ్బాయి రోజూ చేసేది అదేగా అన్నాను. మురీలు, ఉల్లిపాయ, టమోటా, నిమ్మరసం డబ్బాలో వేసి కుదిపి పొట్లంలో పోస్తాడు. పైగా ఆ పొట్లం కూడా పేపరే. మా చిన్నప్పుడు మిక్చర్ అయిపోయాక పొట్లం విప్పి చదివేవాళ్లం. దొంగ దొరికాడో లేదో చెప్పకుండానే కాగితం అయిపోయేది. మిగతాది మనమే కల్పించుకోవాలి. దాన్ని కళ అంటారని అప్పుడు తెలిస్తే నూనె మరకలతో సహా దాచుకునేవాణ్ణి.

డీటర్ రోత్ అని ఇంకొకాయన ఉన్నాడు. 1961 నుంచి ఆయన పుస్తకాలనూ పత్రికలనూ తురిమి, కొవ్వూ మసాలాలూ కలిపి, సాసేజ్‌లుగా కూరాడు. సాహిత్య సాసేజ్ అట. మా ఆవిడ అంతా శ్రద్ధగా విని, “ఎన్నాళ్లు నిలవుంటుందట?” అని అడిగింది. ఈ ఇంట్లో ఆ కళ గురించి నేను విన్న మొదటి తెలివైన ప్రశ్న అదే.

వీళ్లలో నాకు కొంచెం నచ్చినవాడు లండన్ చిత్రకారుడు టామ్ ఫిలిప్స్. 1966లో మూడు పెన్నీలకు ఒక పాత నవల కొన్నాడు. 1892 నాటిది, అందరూ మర్చిపోయింది. దాని పేజీల మీద రంగులు పూసి, అక్కడక్కడ కొన్ని మాటలు మాత్రం కనబడనిచ్చి, కొత్త కథ పుట్టించాడు. అంతటితో ఊరుకోలేదు. మళ్లీ మళ్లీ మార్చి వేస్తూ, ఆరో కూర్పు తెచ్చేసరికి 2016 వచ్చింది. ‘టుగెదర్’, ‘ఆల్టుగెదర్’ అన్న మాటలున్న పేజీల్లోనే అతని కథానాయకుడు కనిపిస్తాడు. ఎందుకంటే ఆ మాటల్లోని ముక్కే వాడి పేరు. ఒకే ఫైలు మీద యాభై ఏళ్లు కూర్చున్నాడంటే, గుమాస్తాగా నేను లేచి దండం పెట్టాలి. అన్నట్టు, అక్కడ పని చేసింది ఎక్కువగా కుంచె. మీరు కాలర్ ఎగరేయనక్కర్లేదు.

పైగా మీరు ఇంగ్లీషు చదువు చదివినవారు. ఆ అక్షరాలు బడిపిల్లల్లా ఒకే వరసలో నిలబడతాయి, ఎక్కడ కోసినా ఇబ్బంది లేదు. మా తెలుగులో కింద ఒత్తులు వేలాడుతుంటాయి. మొన్న పేపర్లో ‘హామీలు కల్లలు’ అన్న శీర్షికని మీరు కాస్త పైకి కోశారు. ఒత్తు తెగి కింద వార్తలో ఉండిపోయింది. పైన ‘హామీలు కలలు’ అని మిగిలింది. మా అమ్మాయి ఎగిరి గంతేసి దాన్ని మొదటి పేజీలో అతికించింది. మైదా జిగురుతో. చీమలు పట్టాయి.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. అసలు ఫిర్యాదు ఇక్కడ మొదలవుతుంది.

నాకు రావలసిన బకాయి ఒకటుంది. దాని కోసం ఒక కార్యాలయానికి అర్జీ పెట్టాను. పేరెందుకు లెండి, అన్ని కార్యాలయాలూ ఒక తల్లి పిల్లలే. ఏడు నెలలకి జవాబు వచ్చింది. “మీరు ఇచ్చిన అర్జీ అందినది. సదరు విషయము పై అధికారుల పరిశీలనలో ఉన్నది. నిర్ణయము వెలువడగానే తెలియజేయబడును. అంతవరకు వేచి ఉండగలరు.”

దాన్ని బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి దానికి మూడు కిటికీలు. కోసిన ముక్కలు మా అమ్మాయి పుస్తకంలో, పాత సిటీ బస్సు టిక్కెట్లు పరిచిన నీలం కాగితం మీద ఉన్నాయి.

మీరు
నది
వేచి ఉండగలరు

గట్టిగా అరుద్దామనే నోరు తెరిచాను. నది ఎక్కడిదో తెలిసి మూసుకున్నాను. ‘అందినది’లోంచి వచ్చింది. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఆ మాట ఎన్ని వేల సార్లు టైపు కొట్టానో లెక్కలేదు. ఆ జవాబు నమూనా కూడా నాకు బాగా తెలుసు. మా ఆఫీసులో అచ్చు అలాంటిదే వాడేవాళ్లం, తేదీ, పేరు మార్చి. ఎవరి అర్జీ అయినా అందినది, ఏ విషయమైనా పరిశీలనలో ఉన్నది. ‘వేచి ఉండగలరు’ అంటే దయచేసి ఆగండి అనే అనుకుని కొట్టేవాణ్ణి. ఆగే శక్తి మీకు ఉంది అని కూడా అర్థం వస్తుందని తట్టలేదు. ఎదురుగా బెంచీ మీద కూర్చున్నవాళ్లకి తట్టిందేమో నేను అడగలేదు.

రెండో అర్జీకి మొదటి జవాబు ఒరిజినల్ జతపరచాలని రూలు. కాబట్టి చిల్లుల ఉత్తరం, నీలం పేజీ రెండూ కలిపి పిన్ను కొట్టి పట్టుకెళ్లాను. పుస్తకంలోంచి పేజీ చింపినందుకు మా అమ్మాయి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. చింపానే గానీ కత్తిరించలేదుగా అని ఎంత చెప్పినా వినలేదు. కౌంటర్లో కుర్రాడు చిల్లుల్లోంచి నన్నూ, నీలం పేజీనీ మార్చి మార్చి చూశాడు.

“ఇదేటండీ?”

“మీరిచ్చిన జవాబే బాబూ.”

మెల్లగా పెదాలు కదుపుతూ ఇంకోసారి చదివాడు. వెనక క్యూలో ఎవరో విసుక్కున్నారు. అప్పుడు స్టాంపు తీసి, ఆ నీలం కాగితం మీద, బస్సు టిక్కెట్ల పక్కనే ఠప్పున కొట్టాడు. అందినది. నా కాపీ మీద కూడా ఒకటి.

ఆ కాపీ ఇప్పుడు నా దిండు కింద ఉంది. మా అమ్మాయి మాటలు మొదలుపెట్టింది, మొదటి మాటే “నాన్నా, కత్తెర కనిపించిందా?” అని.

కనిపించలేదని చెప్పాను. మిమ్మల్ని బియ్యం డబ్బా అడుగున పెట్టింది నేనే. నా బకాయి విషయంలో నిర్ణయము వెలువడగానే తెలియజేయబడును. అంతవరకు వేచి ఉండగలరు.

ఇట్లు,
మీ పాత యజమాని