ఇల్లరికం బావగారికి బావమరిది రాసుకున్న ఉత్తరం

గుంటూరు,
రోహిణీ కార్తె, మధ్యాహ్నం రెండు గంటలు.

మహారాజశ్రీ గ్లవ్ బాక్స్ బావగారికి,

బయటి గాలీ తడీ సోకకుండా, రబ్బరు చేతుల్లో మా చేతులు దూర్చి పనిచేసుకునే మూసిన పెట్టె కదా తమరు. తమరు క్షేమమని డిస్‌ప్లే మీద చూస్తూనే ఉన్నాను. నీరు 0.1 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 0.1 పాలు), ఆక్సిజన్ 0.3. మేము కూడా చెమటలో క్షేమమే.

సంక్రాంతి అల్లుడైతే మూడు రోజులుండి, అరిసెల డబ్బా పట్టుకుని వెళ్లిపోతాడు. తమరు ఇల్లరికం వచ్చారు. ప్రాజెక్టు డబ్బుల్లో పెద్ద వాటా మీ పేరున రాసి, గుమ్మం పట్టకపోతే తలుపు ఊడదీయించి మరీ మా గైడుగారు మిమ్మల్ని ల్యాబ్‌లో దింపుకున్నారు. ఆ లెక్కన ఆయన తమరికి మామగారు, నేను బావమరిదిని. ఆ రోజు కొబ్బరికాయ కొట్టబోతుంటే, నీళ్లు చిందుతాయని ఇంజనీరు పరుగెత్తుకొచ్చి ఆపాడు. అప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది.

మీ ముందు ఎవరూ లేనప్పుడు ఆ నల్ల రబ్బరు చేతులు రెండూ ఉబ్బిపోయి ముందుకు చాచి ఉంటాయి. లోపలి పీడనం బయటికన్నా కాస్త ఎక్కువ ఉంచుతాం కాబట్టి అలా ఉంటాయని ఎంతమందికని చెప్పను? ఎక్కడైనా చిన్న చిల్లు పడినా మీ గాలి బయటికి పోవాలే గానీ మా గాలి లోపలికి రాకూడదు. సైన్స్ అదే. చూసినవాళ్లకి మాత్రం కట్నం బాకీ కోసం చేతులు చాపినట్టే ఉంటుంది. మీ వంశంలోనే ఇంకో రకం ఉన్నారు, ప్లుటోనియం లాంటివాటి దగ్గర ఉద్యోగం. వాళ్లకి లోపలి పీడనమే తక్కువ, చేతులు లోపలికి ముడుచుకుని ఉంటాయి. తమ దగ్గరున్న విషం బయటివాళ్లకి తగలకూడదని వాళ్ల ఆరాటం. తమరి ఆరాటం బయటివాళ్లు తమకి తగలకూడదని.

ఇక తమరి భోజనం. నైట్రోజన్ పెడితే చవగ్గా అయిపోయేది, గాలిలో 78 శాతం అదేగా. కానీ మీ ఒళ్లో పెరుగుతున్న లిథియం రేకు దానితోనూ గొడవ పెట్టుకుని నల్లబడుతుంది. అందుకని ఆర్గాన్. గాలిలో ఒక్క శాతం కూడా ఉండదు, 0.93. గాలిని ద్రవంగా మార్చి, అందులోంచి దాన్ని వేరు చేయాలి. 1894లో రేలీ, రామ్సే దాన్ని కనిపెట్టి, దేనితోనూ కలవదు, ఏ పనీ చేయదు అని గ్రీకులో ‘సోమరి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇల్లరికపుటల్లుడికి ఇంతకన్నా ఒంటికి పట్టే తిండి ఏముంటుంది! సిలిండర్ ఖాళీ అయితే మూడో అంతస్తుకి ఎక్కించే పని మాత్రం సోమరిది కాదు, నాది.

మా వీధి చివర మామ్మగారు మడి కట్టుకుంటారు. ఆవిడ మడికి తడిబట్ట కావాలి, మీ మడికి తడే పనికిరాదు. పది లక్షల పాళ్లలో ఒక్క పాలు నీరు దాటితే మీకు ఒంట్లో నలత. మా గుంటూరు గాలి సంగతి తెలుసా? 35 డిగ్రీల ఎండ, 60 శాతం తేమ ఉన్న రోజున లెక్క కట్టి చూశాను, పది లక్షల పాళ్లకి 33 వేల పాళ్లు నీరే. అందులోంచే నేను రోజూ ఈదుకుంటూ వస్తున్నాను.

మీ గడప దాటడం కన్నా వీసా తెచ్చుకోవడం తేలిక. ముందు యాంటీచాంబర్‌లో, అంటే మీ గడప దగ్గరి చిన్న అరలో పెట్టాలి, గాలి లాగేయాలి, ఆర్గాన్ నింపాలి. ఇలా మూడుసార్లు. టిష్యూ పేపరుకి కూడా మినహాయింపు లేదు, రాత్రంతా ఓవెన్‌లో ఎండితేనే ప్రవేశం. సీసా మూత వదులుగా ఉండాలి. మా జూనియర్ ఒకడు బిగించిన సీసా అలాగే పెట్టాడు. వాక్యూమ్ పడగానే టప్పున మూత ఎగిరింది, మూడు వారాలు కష్టపడి చేసిన పొడి గోడలకి సున్నం వేసినట్టు అంటుకుంది. వాడు రెండు రోజులు అన్నం తినలేదు. మీరు మాత్రం నిక్షేపంగా ఆర్గాన్ తిన్నారు.

అప్పుడప్పుడూ తమరికి లంఖణం కూడా. లోపల ఆక్సిజన్‌ని రాగి పట్టుకుంటుంది, నీటిని మాలిక్యులర్ సీవ్స్ అనే సన్నని రంధ్రాల గుళికలు పట్టుకుంటాయి. రెండూ నిండిపోతే రీజనరేషన్. కాస్త హైడ్రోజన్ కలిపిన గ్యాస్ పంపి వేడి చేస్తే, రాగి పట్టుకున్న ఆక్సిజన్ నీరై బయటికి పోతుంది. తమరు కడుపు కడుక్కుంటారు, నేను పక్కన కుర్చీలో జాగారం చేస్తాను.

అన్నట్టు, భుజాల దాకా చేతులు రెండూ మీలో ఇరుక్కున్నప్పుడే నాకు ముక్కు ఎందుకు దురద పెడుతుందో మామగారు కూడా చెప్పలేకపోయారు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే. పోయిన వారం మా అమ్మ ల్యాబ్‌కి వచ్చింది. మిర్చి కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పని తనది. ఏసీ చల్లదనానికి మీ పక్కనే స్టూలు మీద కూర్చుంది. (ఏసీ కూడా మీకోసమే లెండి.)

“ఇందులో ఏముందిరా?” అంది.

“ఏమీ లేకుండా చూడటానికేనమ్మా ఇదంతా.”

“ఏమీ లేనిదానికి ఇంత కాపలానా?”

చాచి ఉన్న మీ చేతులు చూసి ముచ్చటపడింది. దూర్చి చూడనా అంది. దూర్చుకోమన్నాను. కింద కాటన్ గ్లవ్స్ తొడుక్కోమని చెప్పడం మర్చిపోయాను, అదే నా తప్పు. లోపలున్న చిన్న స్పూను పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంది. “ఎంత మందంగా ఉన్నాయిరా, అస్సలు మంట తగలదు. మాకిలాంటివి ఇస్తే రోజుకి ఇంకో టిక్కీ మిరప బస్తా తీసేస్తాం” అంది. చేతులు బయటికి తీసి, అలవాటుగా చీర కొంగుకి తుడుచుకుంది. రాత్రి ఇంటికెళ్లి ఎప్పటిలాగే మజ్జిగలో ముంచుకుంది.

మర్నాడు పొద్దున్నే ఎవరో అతిథులొచ్చారు. మామగారు స్వయంగా చొక్కా చేతులు మడిచి, మీ చేతుల్లో తన చేతులు దూర్చి, పావుగంట తమరి మహాత్మ్యం వివరించారు. “బయటి అణువు ఒక్కటి కూడా...” అంటూ చేతులు బయటికి తీసి, చెమట పట్టిన కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకున్నారు.

ఆ తర్వాత అరగంట కుళాయి దగ్గరే ఉన్నారు. అతిథులు వంతులవారీగా నీళ్లు పోశారు. నేను వెనక్కి తిరిగి డిస్‌ప్లే చూశాను. నీరు 0.1, ఆక్సిజన్ 0.3. తమరికి తెలియనే తెలియదు.

ఇట్లు,
తమరి బావమరిది.

తా.క. గ్లవ్స్ సబ్బుతో రెండుసార్లు తుడిచి పౌడరు కొట్టాను, ఘాటు ఇంకా పోలేదు. ఆర్గాన్ రేపు వస్తుంది.