క్నుట్ హామ్సున్‌ని కాపాడటానికి చెప్పే కథ

నార్వే రచయిత క్నుట్ హామ్సున్ "హంగర్" నవల చదివి ఊగిపోయిన పాఠకుడికి ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక చేదు సంగతి తెలుస్తుంది: ఈయన నాజీల పక్షాన నిలబడ్డాడు. ఆ వెంటనే ఊరట కలిగించే కథ కూడా ఒకటి చేతికి అందుతుంది. చాలాకాలంగా అందరూ పంచుకుంటున్న కథే. ఎనభై ఏళ్ళ ముసలాయన, చెవులు వినపడవు, మతి సరిగ్గా లేదు. భార్య ఆడించినట్టు ఆడాడు. ఎంతైనా కవి, రాజకీయాలు తెలియవు. పైగా హిట్లర్‌ని మొహం మీదే నిలదీసిన మనిషి. అయినా నార్వే కక్షగట్టి పిచ్చాసుపత్రిలో పడేసింది, పేరు చెరిపేసింది.

ఇందులో ప్రతి ముక్కలోనూ కాస్త నిజం ఉంది. అందుకే ఇంతకాలం నిలబడింది.

ముందు వయసు, జబ్బు సంగతి. హామ్సున్ 1859లో పుట్టాడు. 1940 ఏప్రిల్ 9న జర్మన్ సైన్యం నార్వేలో దిగేనాటికి ఆయనకి ఎనభై ఏళ్ళు. చెవుడు నిజం. మెదడులో రక్తస్రావం అయిన మాటా నిజమే, కానీ అది 1942లో. తుపాకులు పడేసి ఇళ్ళకి పొండి, జర్మన్లు మనందరి కోసం పోరాడుతున్నారు అంటూ నార్వే సైనికులకి ఆయన ఇచ్చిన పిలుపు 1940 మే మొదట్లోనే అచ్చయింది. జబ్బు కంటే రాత దాదాపు రెండేళ్ళు ముందుంది. ఆ పిలుపుకి వారం ముందే, ఏప్రిల్ 27న, ఆయనలాగే నోబెల్ అందుకున్న నార్వే రచయిత్రి సిగ్రిడ్ ఉండ్సెట్ పెద్దకొడుకు ఆండర్స్ జర్మన్లని ఆపబోయి చనిపోయాడు. ఆమె దేశం వదిలి స్వీడన్, రష్యా, జపాన్ మీదుగా అమెరికా చేరింది. ఇద్దరిదీ ఒకే దేశం, ఇద్దరి కళ్ళ ముందు జరిగిందీ ఒకే దాడి.

అసలు వృద్ధాప్యం వాదన చేసేవాళ్ళు ఆయన పాత రాతలు తిరగేయలేదేమో అనిపిస్తుంది. అమెరికాలో ట్రామ్ కండక్టర్‌గా, పొలం కూలీగా బతికి వచ్చి 1889లో ఆ దేశపు సంస్కృతి మీద ఒక పుస్తకం రాశాడు. అప్పటికి ముప్పై నిండలేదు. అందులో నల్లజాతి వాళ్ళ గురించి రాసిన మాటలు ఇవాళ చదివితే ఒళ్ళు మండుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో, యాభై అయిదేళ్ళ వయసులో, పత్రికల్లో బాహాటంగా జర్మనీ పక్షం వహించాడు. ఇంగ్లండ్ అంటే ద్వేషం అప్పటికే ముదిరింది. ఆ తర్వాత 1917లో "గ్రోత్ ఆఫ్ ద సాయిల్", 1920లో దానికి నోబెల్. మతి పోయిందనాలంటే ఎప్పటినుంచి పోయిందనాలి?

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది 1935 నాటి వ్యవహారం. కార్ల్ ఫాన్ ఒసియెట్స్కీ అనే జర్మన్ పాత్రికేయుడు తన దేశం ఒప్పందాలు మీరి రహస్యంగా ఆయుధాలు పోగేస్తోందని బయటపెట్టాడు. హిట్లర్ వచ్చాక ఆయన్ని నిర్బంధ శిబిరంలో వేశారు, అక్కడ ఆరోగ్యం చితికిపోయింది. ఆయనకి నోబెల్ శాంతి బహుమతి ఇవ్వాలని ఉద్యమం నడుస్తుంటే, అప్పటికే నోబెల్ అందుకుని ఎస్టేట్‌లో సుఖంగా ఉన్న హామ్సున్ పత్రికకెక్కాడు. దేశం వదిలిపోయే వీలుండి కూడా అమరవీరుడు అనిపించుకోవాలని ఉండిపోయాడంటూ శిబిరంలో ఉన్న మనిషిని ఎత్తిపొడిచాడు. మాట్లాడలేని స్థితిలో ఉన్నవాడి మీద రాయి విసరడం ఇది. నార్వే రచయితలు 33 మంది సంతకాలు పెట్టి ఖండించారు. 1935 సంవత్సరపు బహుమతి ఒసియెట్స్కీకే ఇచ్చారు, అయినా ఆయన 1938లో పోలీసు కాపలాలోనే చనిపోయాడు.

కవికి రాజకీయం తెలియదట. హామ్సున్ కవిత్వ సంపుటి ఒకటే, 1904లో వచ్చింది, బాగుంటుంది కూడా. కానీ అదే నార్వేలో ఆర్నుల్ఫ్ ఓవర్‌లాండ్ కూడా కవే. జర్మన్ ఆక్రమణకి ఎదురు తిరిగి కవితలు రాసినందుకు 1941లో అరెస్టయి, జాక్సెన్‌హౌసెన్ శిబిరంలో యుద్ధం ముగిసేదాకా గడిపాడు. నూర్డాల్ గ్రీగ్ కూడా కవే. 1943 డిసెంబర్‌లో విలేకరిగా బాంబర్ విమానంలో వెళ్ళి బెర్లిన్ దగ్గర చనిపోయాడు. అదే 1943లో హామ్సున్ తన నోబెల్ పతకాన్ని గోబెల్స్‌కి కానుకగా పంపాడు.

భార్య మారీ సంగతి. ఆవిడకి జర్మన్ వచ్చు, ఆయనకి రాదు. ఆవిడ, జర్మన్లతో చేతులు కలిపిన నార్వే నాయకుడు క్విస్లింగ్ పార్టీ సభ్యురాలు, జర్మనీ అంతా తిరిగి సభల్లో కథలు చదివింది, యుద్ధం తర్వాత శిక్షపడింది. ఇదంతా నిజమే. కాకపోతే ఆయన ఆమెని పెళ్ళాడింది 1909లో. అమెరికా పుస్తకం వచ్చేనాటికి ఆవిడ ఏడేళ్ళ పిల్ల. మగవాడి పాపం ఇంటావిడ ఖాతాలో రాయడం మనకి కొత్తేం కాదు, నార్వేలోనూ అంతేనన్నమాట.

హిట్లర్‌ని నిలదీసిన ఘట్టం అందరికీ ఇష్టమైనది, సినిమా దృశ్యంలా ఉంటుంది. 1943 జూన్ 26న ఆల్ప్స్ కొండల్లోని హిట్లర్ నివాసంలో నిజంగానే జరిగింది. హామ్సున్ మాట వినకుండా అడ్డుపడి మాట్లాడాడు, హిట్లర్‌కి ఒళ్ళు మండింది, సమావేశం చెడింది. అయితే ఆయన అడిగిందేమిటి? నార్వేని పాలిస్తున్న జర్మన్ అధికారి టెర్‌బోవెన్‌ని తీసెయ్యమని, అతని దురుసుతనం వల్ల నార్వే జనం జర్మనీకి దూరమవుతున్నారని. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంలేదన్న ఫిర్యాదు అది. దేవుడి మీద భక్తి ఏమాత్రం తగ్గలేదు. తగ్గలేదనడానికి సాక్ష్యం ఆయనే రాసిపెట్టాడు. 1945 మే 7న, నార్వేలో జర్మన్ సేన లొంగిపోవడానికి ఒక రోజు ముందు, ఆఫ్టెన్‌పోస్టెన్ పత్రికలో హిట్లర్‌కి నివాళి రాసి, మానవజాతి కోసం పోరాడిన యోధుడన్నాడు. ఇక ఎవరి మెప్పూ, ఎవరి భయమూ అక్కర్లేని రోజున రాసిన వాక్యమది.

ఒక మాట ఆయన పక్షాన చెప్పాలి. మరణశిక్ష పడ్డ నార్వేవాళ్ళ కోసం టెలిగ్రాములు ఇచ్చాడు. అరెస్టయిన రచయిత రోనాల్డ్ ఫాంగెన్‌ని వదలమని టెర్‌బోవెన్ దగ్గరికే వెళ్ళి అడిగాడు. ఇది ఆయన లెక్కలో వెయ్యాల్సిందే. కానీ ఇదే "ఏమీ తెలియని ముసలాయన" కథని పడగొడుతుంది: ఎవరు ఎవర్ని చంపుతున్నారో ఆయనకి తెలుసు.

పేరు చెరిపేశారన్న మాటకి జవాబు చిన్నది. 2009లో 150వ జయంతిని నార్వే అధికారికంగా జరిపింది. ఆయన పెరిగిన హామరోయ్‌లో వాస్తుశిల్పి స్టీవెన్ హాల్ రూపొందించిన హామ్సున్ కేంద్రం ఆ ఏడాదే తెరిచారు.

పిచ్చాసుపత్రి కథలో చిక్కు ఎక్కువ. 1945 అక్టోబర్ నుంచి దాదాపు నాలుగు నెలలు ఓస్లోలోని విండెర్న్ క్లినిక్‌లో ఉంచి పరీక్షించిన మాట నిజం. ఆ పరీక్షలు ఆయన్ని నలిపేశాయి. భార్యాభర్తల గుట్టు కూడా ఆవిడ చేత చెప్పించారు. అది నాకూ అన్యాయంగానే కనిపిస్తుంది. కానీ డాక్టర్ల తీర్పు "పిచ్చివాడు" అని కాదు. మతిభ్రమణం లేదు, మానసిక శక్తులు శాశ్వతంగా సన్నగిల్లాయి అన్నారు. దాంతో దేశద్రోహం క్రిమినల్ కేసు ఎత్తేశారు. క్విస్లింగ్‌ని కాల్చి చంపిన ఆ అక్టోబర్‌ని గుర్తుంచుకుంటే, ఆ తీర్పు కక్షకంటే మొహమాటానికే దగ్గర. ఆయన మీద మిగిలింది నష్టపరిహారం దావా. 4,25,000 క్రోనర్లు కట్టమన్నారు, సుప్రీంకోర్టు దాన్ని 3,25,000కి తగ్గించింది. ఆస్తి చాలావరకు పోయింది.

ఆ "సన్నగిల్లిన" మనిషి 1949లో, తొంభై ఏళ్ళ వయసులో, ఈ నిర్బంధం గురించి "ఆన్ ఓవర్‌గ్రోన్ పాత్స్" రాశాడు. వాక్యం ఎక్కడా తడబడదు, వ్యంగ్యం పదును తగ్గలేదు. డాక్టర్ల మీద ఆయన కోపమల్లా తనని కోర్టులో జవాబు చెప్పుకోనివ్వలేదనే. అభిమానులు ఆయనకి ఇస్తున్న సాకుని ఆయనే తోసేశాడు.

పూర్తిగా కాదులెండి. 1947 డిసెంబర్‌లో గ్రిమ్‌స్టాడ్ కోర్టులో మాట్లాడుతూ, తాను చెవిటివాణ్ణనీ, గదిలో ఒంటరిగా ఉండిపోయాననీ, రాస్తున్నది తప్పని ఎవరూ చెప్పలేదనీ అన్నాడు. చెవుడు కథకి ఊపిరి పోసింది ఆ మాటలే. కానీ 1935లో 33 మంది తోటి రచయితలు చెప్పారు. వాళ్ళు ఆయన చెవిలో చెప్పలేదు, అచ్చులో చెప్పారు.