దోమకు మర్యాద చేయడం మన దగ్గరే నేర్చుకోవాలి

ఆసియా ఖండంలో కొన్నేళ్లుగా ఒక అనవసరమైన పోటీ నడుస్తోంది. బోదకాలు జబ్బు ఇక మా దేశానికి సమస్య కాదని ఒకరి తర్వాత ఒకరు ప్రపంచ ఆరోగ్య సంస్థ చేత కాగితం రాయించుకుంటున్నారు. మొదలుపెట్టింది చైనా, 2007లో. బిళ్ల మింగండి బాబూ అని ఇంటింటా బతిమాలుతూ కూర్చోకుండా వాళ్లు చాలాచోట్ల ఏకంగా ఉప్పులోనే మందు కలిపేశారు, ఇంత మొరటుతనం ఎక్కడైనా ఉందా? మరుసటి ఏడాది దక్షిణ కొరియా. 2016లో శ్రీలంక, మాల్దీవులు, కంబోడియా, తర్వాత థాయ్‌లాండ్, వియత్నాం. సరే, వాళ్లకి పనీపాటా లేదనుకుందాం. కానీ 2023లో బంగ్లాదేశ్ కూడా ఆ కాగితం తీసుకోవడం మాత్రం బాధాకరం. అది కూడా డెల్టాయే, మనకంటే ఎక్కువ వాన, ఎక్కువ బురద, ఎక్కువ జనం. "నీళ్లున్నచోట దోమలుండవా అండీ" అని ఇన్నాళ్లూ మనం చెప్పుకున్న మాటని గంగలో కలిపేశారు.

గోదావరి వాళ్లం మనం అంత తొందరపడం. ఇంటికొచ్చినవాణ్ణి అన్నం తినకుండా పంపని నేల ఇది, ఈ బోదకాలుని మోసుకొచ్చే క్యూలెక్స్ దోమ ఏం పాపం చేసిందని? దానికి కావలసిందల్లా కదలని మురుగు. అది మన దగ్గర పుష్కలం. సెప్టిక్ ట్యాంకు పైపు తిన్నగా వీధి కాలువలోకి, కాలువ మీద పలకరాళ్లు, వాటి మీద టిఫిన్ బండి, కింద ఇడ్లీ ప్లేట్లూ తాగేసిన కొబ్బరి బొండాలూ అడ్డంపడి నీళ్లు నల్లగా నిలబడి ఉంటాయి. దోమ వచ్చి ఆ నీళ్ల మీద గుడ్లన్నీ కలిపి చిన్న తెప్పలా కట్టి వదిలి వెళ్తుంది. పంచాయతీ వాళ్లెవరైనా పూడిక తీసినా, తీసిన మట్టిని గట్టునే పోసి వాన కోసం ఎదురుచూస్తారు, వాన ఆ మట్టిని భద్రంగా మళ్లీ కాలువలో పెడుతుంది.

ఇక ఆ దోమ కుట్టి మనకి అంటించే బోదకాలు పురుగు సంగతి. మన ఒంట్లో చేరితే ఆరేడేళ్లు కాపురం ఉంటుంది. ఇన్నేళ్లు కదలకుండా ఉండే అద్దెవాళ్లు ఈ రోజుల్లో దొరుకుతారా? అలాంటిదాన్ని ఖాళీ చేయించమని ఏడాదికోసారి ఆశా వర్కర్ బిళ్లలు పట్టుకుని వచ్చేది. పెద్దవాళ్లకి డీఈసీ మూడు, ఆల్బెండజోల్ ఒకటి.

"నా ముందే మింగాలండి."

"అక్కడ పెట్టమ్మా, భోంచేశాక వేసుకుంటాం."

భోజనమైంది, పండగలూ అయ్యాయి, బిళ్లలు ఫ్రిజ్ మీద పాత కరెంటు బిల్లుల కింద ఉన్నాయి. మాకేం జబ్బు లేదుగా అంటారు. పురుగు ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉంటుందనీ, కాలు బాగా ఉబ్బిపోయాక ఏ బిళ్లా దాన్ని మునుపటిలా చేయలేదనీ, రోజూ సబ్బుతో కడిగి తడి లేకుండా తుడుచుకుంటూ జ్వరాలు రాకుండా చూసుకోవడమే మిగులుతుందనీ ఆ పిల్ల చెప్పబోయేసరికి మనకి సీరియల్ టైమైపోతుంది. అదే ఇంట్లో పందెం కోడికి మాత్రం బాదంపప్పూ జీడిపప్పూ టైము ప్రకారం, మనిషి దగ్గరుండి తినిపించాల్సిందే.

ఇందులో ఇంకో విశేషం. ఆ డీఈసీ మందుని 1947లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల నుంచి బయటికి తెచ్చిన బృందానికి పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు, పుట్టింది మన భీమవరంలో. ఊరివాడు కనిపెట్టాడు, ఖండమంతా మింగింది, ఊరు మాత్రం ఫ్రిజ్ మీద పెట్టింది. మనవాడి మాట మనం వింటే ఇంకేమన్నా ఉందా!

ఢిల్లీ వాళ్లూ మన స్వభావానికి తగ్గట్టే ఉన్నారు లెండి. దేశమంతటా బోదకాలుని 2015 కల్లా లేకుండా చేస్తామని 2002 ఆరోగ్య విధానంలో రాశారు. ఇప్పుడు 2027 అంటున్నారు. ముహూర్తం కుదరాలి కదా.

ఈలోగా రక్త పరీక్షలు. ఈ పురుగు పిల్లలు రాత్రి 10 దాటాకే రక్తంలో పైపైకి వస్తాయి, కాబట్టి సిబ్బంది కూడా ఆ వేళకే టార్చిలైట్లు పట్టుకుని కుక్కల్ని అదిలించుకుంటూ తలుపు కొడతారు. మా వీధిలో ఒక పెద్దాయన లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చి, ఇదేం వేళండీ, పొద్దున్న రండి అన్నారు.

"పగలు పురుగు దొరకదు బాబాయ్ గారూ."

"ఆయ్, అయితే దానికి వీలైనప్పుడే కానివ్వండి. మాకేం తొందర లేదు" అని తలుపు గడియ పెట్టేశారు.