మూలాలు చదవని ప్రాచీన చరిత్ర

విశ్వవిద్యాలయాల్లో నిధులకు కటకట ఏర్పడినప్పుడల్లా మొదట వేటు పడే శాఖల్లో ప్రాచీన చరిత్ర ఒకటి. చేరే విద్యార్థులు తక్కువ, నేర్పాల్సిన భాషలు ఎక్కువ, ఒక్కో భాషకు ఒక్కో అధ్యాపకుడు కావాలి. జమాఖర్చులు మాత్రమే చూసేవారికి ఇంతకన్నా తేలికగా కోత పెట్టగల చోటు కనిపించదు. శాఖను పూర్తిగా మూసివేస్తే కనీసం చర్చ జరుగుతుంది, నాలుగు గొంతులైనా లేస్తాయి. చడీచప్పుడు లేకుండా జరిగే నష్టం మరొకటి ఉంది. శాఖ పేరు మారదు, పట్టా పేరు మారదు. లోపల మాత్రం గ్రీకు, లాటిన్, సంస్కృతం, ప్రాకృతం, అక్కాడియన్ వంటి భాషలు, శాసన పఠనం, లిపి శాస్త్రం, నాణేల అధ్యయనం ముందు ఐచ్ఛికాలవుతాయి, తర్వాత ఖాళీ పోస్టులవుతాయి, చివరికి సిలబస్ నుంచే తొలగిపోతాయి. మిగిలేది నాగరికతల గురించిన పరిచయ పాఠాల వరుస. ఒక్క మూలాధారాన్నైనా స్వయంగా చదవకుండా ప్రాచీన చరిత్రలో పట్టా పుచ్చుకునే వీలు కల్పించడం విద్యార్థికి చేసే అన్యాయమని, అలాంటి పట్టాకు ఆ పేరు తగదని ఈ పత్రిక అభిప్రాయం.

ఆధునిక చరిత్ర చదివేవారికి ఆధారాలు గుట్టలుగా దొరుకుతాయి. వాటిలోంచి ఏరుకోవడమే వారి కష్టం. ప్రాచీన చరిత్రలో కష్టం వేరు. రోమన్ చరిత్రకారుడు లివీ రోమ్ చరిత్రను 142 భాగాలుగా రాస్తే మనకు దక్కినవి 35. మరో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసిన 'ఆనల్స్' తొలి ఆరు భాగాల్లో మిగిలిందంతా ఒకే ఒక్క రాతప్రతి ద్వారా మనదాకా వచ్చింది. అది ఏ అగ్నిప్రమాదంలోనో పోయి ఉంటే రోమన్ చక్రవర్తి టైబీరియస్ పాలన గురించి మనకు తెలిసినదానిలో పెద్ద వాటా లేకుండా పోయేది. కౌటిల్యుని అర్థశాస్త్రం సంగతీ అంతే. 1905లో మైసూరులో శ్యామశాస్త్రి చేతికి తాళపత్ర ప్రతి అందేదాకా ఆ గ్రంథం గురించి ఇతరులు చేసిన ప్రస్తావనలే ఆధునిక పండితులకు ఆధారం. ఇంత కొద్ది సామగ్రితో నడిచే విద్యలో ప్రతి పంక్తినీ ఎవరు రాశారు, ఎవరి మెప్పు కోసం రాశారు, ఎవరు నకలు తీశారు, ఆ నకళ్ల మధ్య ఏం జారిపోయింది అన్న ప్రశ్నలను వదిలేస్తే బోధించడానికి మిగిలేది పేర్లూ తేదీలే.

ఆ తేదీలైనా ఎలా వచ్చాయో చూడాలి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని ఛేదించేదాకా స్తంభాల మీదా బండల మీదా ఉన్న ఆ రాతలు ఎవరివో చెప్పగలవారు లేరు. చదివాక కూడా వాటిలో కనిపించింది 'దేవానాంప్రియ ప్రియదర్శి' అన్న బిరుదే; అతడు అశోకుడని సింహళ బౌద్ధ గ్రంథాల సాయంతో గుర్తించారు. అశోకుని పేరునే ప్రస్తావించిన మస్కి శాసనం 1915లో గానీ వెలుగు చూడలేదు. ఇక కాలనిర్ణయానికి తోడ్పడింది 13వ శిలాశాసనం. అందులో అంతియోకస్, టాలమీ, ఆంటిగోనస్, మాగస్, అలెగ్జాండర్ అనే ఐదుగురు యవన (గ్రీకు) రాజుల పేర్లున్నాయి. వారి పాలనా కాలాలు గ్రీకు ఆధారాల వల్ల తెలుసు కనుక, ఐదుగురూ ఏకకాలంలో జీవించి ఉన్న కొద్ది సంవత్సరాల వ్యవధిని పట్టుకుని అశోకుని కాలాన్ని క్రీ.పూ. మూడో శతాబ్దంలో స్థిరపరచగలిగారు. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా కనిపించే ఈ సంగతి వెనుక ప్రాకృత శాసనం, పాళీ గ్రంథం, గ్రీకు చరిత్ర మూడూ ఉన్నాయి. వీటిలో కనీసం ఒకదాన్నైనా నేరుగా చదవడం వచ్చినవారే, మిగతా రెండింటి దగ్గర ఎక్కడ సందేహపడాలో గ్రహించగలరు.

సందేహపడటం ఎంత అవసరమో ఏథెన్స్ చరిత్రలో ఒక అక్షరం కథ చెబుతుంది. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్ రాతి శాసనాల్లో సిగ్మా అనే గ్రీకు అక్షరాన్ని కొన్నిచోట్ల మూడు గీతలతోనూ, కొన్నిచోట్ల నాలుగు గీతలతోనూ చెక్కారు. మూడు గీతల రూపం క్రీ.పూ. 446 ప్రాంతంలో వాడుక నుంచి పోయిందని పండితులు చాలాకాలం నమ్మారు. ఆ రూపం కనిపిస్తే చాలు, శాసనం అంతకుముందుదేనని తేల్చేసేవారు. సిసిలీలోని ఎగెస్టా నగరంతో ఏథెన్స్ చేసుకున్న ఒప్పందపు శాసనం అలాగే క్రీ.పూ. 450ల నాటిదిగా పాఠ్యపుస్తకాలకెక్కింది. సంవత్సరాన్ని తెలిపే అధికారి పేరు ఆ రాతి మీద అరిగిపోయి, చివరి రెండక్షరాలు మాత్రమే స్పష్టంగా మిగిలాయి. చరిత్రకారుడు హెరాల్డ్ మాటింగ్లీ 1961 నుంచి ఈ సూత్రాన్నే ప్రశ్నిస్తూ వచ్చాడు. లోకం పెద్దగా చెవిన పెట్టలేదు. 1990లో మార్టిమర్ ఛాంబర్స్ బృందం లేజర్ సాయంతో రాతిని పరీక్షించి, అరిగిన ఆ పేరు ఆంటిఫాన్ అని, అంటే ఒప్పందం క్రీ.పూ. 418–417 నాటిదని ప్రకటించింది. వాదోపవాదాలు ఆ తర్వాతా సాగాయి గానీ, నేడు ఎక్కువమంది దీన్నే అంగీకరిస్తున్నారు.

నలభై ఏళ్ల తేడాతో ఏం మునిగిపోయిందని ఎవరైనా అడగవచ్చు. ఆ సూత్రం సడలగానే, మిత్ర నగరాల మీద ఏథెన్స్ పెత్తనాన్ని చాటే మరికొన్ని కఠిన శాసనాల తేదీలు కూడా కదిలాయి. ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ క్రీ.పూ. 429లో మరణించాడు. ఆ శాసనాలు 440ల నాటివైతే, ప్రజాస్వామ్యానికి స్వర్ణయుగమని కీర్తించే ఆయన హయాంలోనే సామ్రాజ్యం కర్కశంగా మారిందని అర్థం. 420ల నాటివైతే ఆ కర్కశత్వానికి స్పార్టాతో జరిగిన సుదీర్ఘ యుద్ధపు ఒత్తిడిని కారణంగా చూడాల్సి వస్తుంది. ఒక నగర ప్రజాస్వామ్యం, దాని సామ్రాజ్యం ఒకదాన్నొకటి ఎలా పోషించుకున్నాయన్న పెద్ద ప్రశ్నకు జవాబు ఒక రాయి మీది గీతల లెక్క దగ్గర ఆగి ఉంది. ఆ రాయి నకలును చదవడం తెలియని విద్యార్థి ఈ వివాదంలో ఎవరో ఒకరి మాట నమ్మడం తప్ప చేయగలిగింది లేదు.

అనువాదాలున్నాయి కదా అన్నది తరచూ వినిపించే సమాధానం. అనువాదాలు అవసరమే, అవి లేకుండా ఎవరూ ఈ రంగంలో అడుగుపెట్టలేరు. అయితే అచ్చయిన మూలపాఠంలో ఉండే ఒక ముఖ్యమైన నిజాయితీ అనువాదంలో చాలాసార్లు కనుమరుగవుతుంది. రాతి మీద, పపైరస్ (ఒక రకం రెల్లుతో చేసిన ప్రాచీన కాగితం) మీద చెరిగిపోయిన అక్షరాలను పరిష్కర్త తన ఊహతో పూరించినప్పుడు వాటిని చదరపు కుండలీకరణాల్లో పెట్టాలన్న పద్ధతికి 1931లో లైడెన్‌లో సమావేశమైన పండితులు ఒక స్థిరమైన రూపం ఇచ్చారు. ఏది కనిపించింది, ఏది ఊహించింది అన్నది మూలపాఠం తెరవగానే కంటికి తెలుస్తుంది. సాధారణ పాఠకుల కోసం చేసిన అనువాదంలో ఆ గుర్తులు రాలిపోయి వాక్యం నున్నగా సాగిపోతుంది. సగం పంక్తి ఒక 19వ శతాబ్దపు జర్మన్ ఆచార్యుని ఊహ అయినా, పాఠకుడు దాన్ని ప్రాచీనుల మాటగానే స్వీకరిస్తాడు. ఆ ఊహ మీద సిద్ధాంతం, ఆ సిద్ధాంతం మీద మరో సిద్ధాంతం కట్టిన సందర్భాలు ఈ రంగానికి కొత్త కాదు.

భాషను తప్పనిసరి చేయడం వల్ల కలిగే నష్టాన్ని చూపేవారి వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. 2021లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు క్లాసిక్స్ (ప్రాచీన గ్రీకు, రోమన్ అధ్యయనాల) శాఖ, డిగ్రీ విద్యార్థులకు గ్రీకు లేదా లాటిన్ తప్పనిసరి అన్న నిబంధనను ఎత్తివేసినప్పుడు పెద్ద దుమారమే రేగింది. బడి చదువులోనే లాటిన్ నేర్చుకునే అవకాశం దొరికేది ఎక్కువగా కలిగిన కుటుంబాల పిల్లలకు కనుక, ఆ నిబంధన మిగతావారికి ముందే తలుపు వేస్తుందన్నది మార్పును సమర్థించినవారి వాదన. ఆ పరిశీలనలో నిజం ఉంది. ప్రాచీన భాషలు కొన్ని వర్గాల చేతుల్లోనే ఉండిపోవడం ప్రపంచంలో అనేక సమాజాలకు తెలిసిన కథే. కానీ జబ్బు సరిగ్గా గుర్తించినంత మాత్రాన మందు సరైనదవదు. బడిలో నేర్చుకోనివారికి విశ్వవిద్యాలయం అక్షరాల నుంచి నేర్పాలి; మొదటి సంవత్సరమంతా వారానికి తగినన్ని తరగతులు కేటాయించి, ఆ శ్రమకు క్రెడిట్లు ఇచ్చి నేర్పాలి. అలా కాకుండా భాషను ఐచ్ఛికం చేసి వదిలేస్తే, ముందే వచ్చినవారు దాన్ని ఎంచుకుని పరిశోధనలోకి వెళతారు, రానివారు అనువాదాల దగ్గరే ఆగిపోతారు. తలుపు తెరిచామన్న పేరు శాఖకు దక్కుతుంది. లోపలి గదికి మాత్రం తాళం అలాగే ఉంటుంది.

కృత్రిమ మేధ వచ్చాక ఈ భాషల కోసం ఇంత కష్టం ఎందుకన్న ప్రశ్న కొత్తగా వినిపిస్తోంది. దానికి జవాబు కృత్రిమ మేధ పరిశోధకుల లెక్కల్లోనే ఉంది. దెబ్బతిన్న గ్రీకు శాసనాల్లో లోపించిన అక్షరాలను పూరించడానికి డీప్‌మైండ్ సంస్థ విశ్వవిద్యాలయాల పరిశోధకులతో కలిసి 'ఇథాకా' అనే నమూనాను రూపొందించి 2022లో ఫలితాలు ప్రచురించింది. చరిత్రకారులు తమంత తాముగా చేసినప్పుడు కచ్చితత్వం 25 శాతం, యంత్రం ఒంటరిగా చేసినప్పుడు 62 శాతం, చరిత్రకారులు యంత్రం సూచనలను పరిశీలించి ఎంచుకున్నప్పుడు 72 శాతం. యంత్రం మనిషిని మించిందన్నది ఎంత నిజమో, తెలిసిన మనిషి పక్కన ఉన్నప్పుడే దానికి ఆ చివరి పది శాతం దక్కిందన్నదీ అంతే నిజం. క్రీ.శ. 79లో ఇటలీలోని వెసూవియస్ అగ్నిపర్వత విస్ఫోటనంలో మాడి బొగ్గయిన హెర్క్యులేనియం పపైరస్ చుట్టల సంగతీ ఇలాంటిదే. వాటిని విప్పకుండానే ఎక్స్-రే చిత్రాల నుంచి సిరా జాడ పసిగట్టినందుకు 2024 ఫిబ్రవరిలో ముగ్గురు విద్యార్థుల బృందానికి పెద్ద బహుమతి దక్కింది. అది నిజంగా అబ్బురమే. ఆ జాడలు అక్షరాలో కాదో, ఆ అక్షరాలు ఏ వాదనలో భాగమో తేల్చింది మాత్రం గ్రీకు పపైరస్‌లు చదవడంలో ఏళ్లు గడిపిన పండితులు. తవ్వకాల్లో బయటపడి, చదివేవారు లేక మ్యూజియంల అరల్లో వేచి ఉన్న క్యూనిఫాం (మెసపొటేమియా మేకు ఆకారపు లిపి) పలకలకు యంత్రం తోడుగా వస్తే మంచిదే. కానీ తప్పును తప్పని చెప్పగలవారు అప్పటికి మిగిలి ఉండాలి.

ప్రాచీనత మీద అధికారానికి ఉండే మమకారం కూడా ఈ చర్చకు సంబంధించినదే. తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ జన్మించి రెండు వేల ఏళ్లయిన సందర్భాన్ని పురస్కరించుకుని ముస్సోలినీ ప్రభుత్వం 1937–38లో రోమ్‌లో భారీ ప్రదర్శన నిర్వహించింది. అగస్టస్ తన ఘనకార్యాలను తానే ఏకరువు పెట్టిన ప్రశస్తి పాఠాన్ని, ఆయన కాలపు శాంతి దేవత బలిపీఠం కోసం 1938లో కట్టిన మంటపం గోడ మీద చెక్కించింది. ఆ పాఠం ప్రధానంగా మనకు దక్కింది అంకారాలోని ఆలయ గోడల మీద, లాటిన్‌లోనూ గ్రీకులోనూ. పందొమ్మిదేళ్ల వయసులో సొంత ఖర్చుతో సైన్యం సమకూర్చుకుని, ఒక ముఠా పెత్తనం నుంచి రాజ్యాన్ని విడిపించానని అగస్టస్ అందులో చెప్పుకున్నాడు. ఏ ముఠా? ఎవరి పెత్తనం? ప్రత్యర్థి ఆంటోనీ పేరు గానీ, జూలియస్ సీజర్‌ను చంపిన బ్రూటస్, కాషియస్‌ల పేర్లు గానీ పాఠమంతటా ఎక్కడా లేవు. గోడ ముందు నిలబడి తలెత్తి చూసేవారికి అది ఘనత. పంక్తి పంక్తీ చదివి, లేని పేర్లను వెతికేవారికి అది గెలిచినవాడి వాంగ్మూలం. అదే కాలంలో ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్రకారుడు రోనాల్డ్ సైమ్ రోమన్ ప్రముఖుల పేర్లు, పెళ్లిళ్లు, పదవులు ఓపికగా పోగుచేసి, అగస్టస్ అధికారంలోకి వచ్చిన తీరును ఒక వర్గం చేసిన కైవసంగా 1939లో చిత్రించగలిగాడంటే అది చదువు నేర్పిన చూపు. గతాన్ని గొప్పగా చెప్పుకునే ప్రభుత్వాలకు ఈ చూపు ఎందుకు రుచించదో వివరించనక్కర్లేదు.

ఉద్యోగాల మాట దాటవేయడం విద్యార్థులను మోసగించడమే అవుతుంది. ప్రాచీన చరిత్ర చదివినవారిలో ఆ రంగంలోనే అధ్యాపకులుగా స్థిరపడేవారు కొద్దిమందే. ప్రవేశాల ప్రచారపత్రాల్లో ఆ సంగతి దాచి, ఈ చదువు ఏ కొలువుకైనా బాటలు వేస్తుందని ఊదరగొట్టడం తగదు. అరకొర ఆధారాలతో ఎంతవరకు చెప్పవచ్చో, ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి న్యాయవాద వృత్తిలోనూ, పాలనలోనూ, పత్రికల్లోనూ పనికొస్తాడన్నది మాత్రం మా సొంత వృత్తి అనుభవం నుంచి చెప్పగలం.

చేయవలసినవి మరీ అసాధ్యమైనవేమీ కావు. ప్రాచీన చరిత్రలో పట్టా ఇచ్చే ప్రతి శాఖా కనీసం ఒక మూలభాషను తొలి అక్షరం నుంచి నేర్పి, శాసనమో, పపైరస్సో, నాణెమో, రాతప్రతో ఏదో ఒకదాన్ని విద్యార్థి స్వయంగా చదివి వ్యాఖ్యానించే పత్రాన్ని తప్పనిసరి చేయాలి. అన్ని భాషలూ నేర్పే స్తోమత ఒక్కో శాఖకు ఉండదు కనుక, పొరుగు విశ్వవిద్యాలయాలు భాషలను పంచుకుని, ఒకచోట చేసిన కోర్సుకు మరోచోట క్రెడిట్లు ఇచ్చే ఏర్పాటు చేసుకోవాలి. తరగతిలో ఐదుగురే ఉన్నారన్న కారణంతో కోర్సును రద్దు చేసే నిబంధన నుంచి ఈ భాషలకు మినహాయింపు ఉండాలి. అన్నిటికన్నా తొందరపడవలసింది నియామకాల విషయంలో. అక్కాడియన్ వంటి భాషలకు చాలా శాఖల్లో ఉండేది ఒక్కరే. ఆ ఒక్కరూ పదవీ విరమణ చేశాక పోస్టును రెండు మూడేళ్లు ఖాళీగా ఉంచితే, సగంలో ఉన్న పరిశోధక విద్యార్థులు చెదిరిపోతారు, ఆ తర్వాత ప్రకటన ఇచ్చినా దరఖాస్తు చేయగల అర్హులు దొరకరు. విరమణ తేదీలు విశ్వవిద్యాలయాలకు ఏళ్ల ముందే తెలుసు. వారసుడి ఎంపిక ఆ తేదీకి కనీసం ఒక విద్యా సంవత్సరం ముందే పూర్తయి, ఇద్దరూ కలిసి బోధించే వ్యవధి ఉండేలా బడ్జెట్‌లో ఇప్పుడే కేటాయింపు చేయాలి.