గరిటె లెక్కలో రాసుకుందాం

పోయిన ఏడాది రక్తపరీక్షలో నా ఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే లెక్క) 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగరు జబ్బుకు ముందు దశ. బరువు తగ్గమని, తిన్నదంతా రాసుకోమని డాక్టరు గారు చెప్పారు. ఫోన్‌లో ఒక యాప్ వేసుకున్నాను. అందులో పప్పు అని వెతికితే పది రకాల లెక్కలు వచ్చాయి, ఒకదానికొకటి పొంతన లేదు. మా ఇంటి గోంగూర పప్పు వాటిలో ఏదో తెలియలేదు. నాలుగో రోజుకి మానేశాను.

తర్వాత ఫ్రిజ్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. అన్నం రెండు గరిటెలు, పప్పు ఒక గరిటె, నెయ్యి ఒక చెంచా, ఆవకాయ, పెరుగు. ఎన్ని గంటలకు తిన్నాను, ఆకలేసి తిన్నానా, ఊరికే తిన్నానా. ఇదైతే రాయడానికి నిమిషం పట్టదు. అందుకే డైరీ మన కొలతల్లో, మన మాటల్లో ఉండాలని గట్టిగా చెబుతున్నాను.

రాయడం వల్ల ఒరిగేదేమిటని అడిగేవాళ్లున్నారు. అమెరికాలో దాదాపు 1,700 మందితో చేసిన ఒక అధ్యయనం 2008లో వచ్చింది. రోజూ రాసుకున్నవాళ్లు అసలు రాయనివాళ్ల కంటే రెట్టింపు బరువు తగ్గారు. అంతకుముందు 1992లో, ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదన్నవాళ్లను పరీక్షిస్తే, తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువ చేసి చెప్పారని తేలింది. వాళ్లు అబద్ధమాడారని నేననుకోను. ఉప్పు సరిపోయిందా అని నోట్లో వేసుకున్నది, పిల్లలు కంచంలో వదిలేస్తే పారేయడానికి మనసొప్పక తిన్నది ఎవరికి గుర్తుంటుంది?

నా పుస్తకంలో మొదటి రెండు వారాలు నూనె ఊసే లేదు. గుత్తివంకాయకు సీసా వంచి పోయడమే నాకు అలవాటు. ఒకరోజు కొలిస్తే ఏడు టేబుల్‌స్పూన్లు! ఒక టేబుల్‌స్పూన్ నూనెకు దాదాపు 120 కేలరీలు. నలుగురం తింటే తలా 210, అంటే ఒక కప్పు అన్నం తిన్నట్టే. ఇప్పుడు నాలుగు పోస్తున్నాను, కూర బాగానే ఉంటోంది. ఇంట్లో వండేది ఒకరు, డైరీ రాసేది ఒకరు అయితే ఈ లెక్క ఎప్పటికీ దొరకదు. బరువు తగ్గాలనుకునే మగవాళ్లు వంటగదిలోకి వచ్చి నూనె కొలవాలి.

వారం మధ్యలో నా తిండి బాగానే ఉంది. శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం దాకా, పాట్‌లక్‌లూ (తలా ఒక వంటకం తెచ్చుకునే విందులు) పుట్టినరోజులూ ఉన్నప్పుడే పేజీ నిండిపోయేది. వాటికి వెళ్లడం మానేయలేదు, ముందు ఒకసారి వడ్డించుకుని అంతటితో ఆపుతున్నాను. అయిదు నెలల్లో పదకొండు పౌండ్లు తగ్గాను, ఏ1సీ 5.8కి వచ్చింది.

ఇది అందరికీ పనికిరాదు. తిండి అంటేనే టెన్షన్ పడేవాళ్లకు, ఈటింగ్ డిజార్డర్ ఉన్నవాళ్లకు రాయడం కీడు చేయవచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా తిండి తగ్గించకూడదు.

మన సంఘం వంటల పోటీల్లో ఈసారి రెసిపీతోపాటు నూనె ఎన్ని చెంచాలు, ఎంతమందికి అన్నది కూడా రాసిమ్మని నిర్వాహకులను కోరుతున్నాను. వండేవాళ్లకు అది రెండు నిమిషాల పని.