పొరక పుల్లల లెక్క

(నల్లగొండలో ఒక ఇల్లు. ఆదివారం పొద్దున. రిటైరైన కండక్టర్ రాజయ్య వరండాలో పుల్లలు పరుచుకుని కూర్చున్నాడు. పక్కన ఆరో తరగతి మనవరాలు. ఆ పిల్లకు మాట్లాడే సందు దొరకదు.)

లక్ష్మమ్మ: ఏమయ్యా, వాకిలి ఊడుద్దామంటే పొరక సగమైంది. ఎలుకలు కొరికాయా?

రాజయ్య: ఎలుకలు కాదే, గణితం కొరికింది. పిల్లకు బహుభుజులు చూపిస్తున్నా.

లక్ష్మమ్మ: బొమ్మ గీసి చూపిస్తే సరిపోదా?

రాజయ్య: గీస్తే తెలియదు, నొక్కితే తెలుస్తుంది. ఇదిగో, మూడు పుల్లల్ని సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కలిపా. నొక్కు.

లక్ష్మమ్మ: (నొక్కి) కదలదేంది?

రాజయ్య: త్రిభుజం నీ లెక్కనే, ఒక్కసారి కుదిరితే ఇక వంగదు. ఈ నాలుగు పుల్లలది నొక్కు.

లక్ష్మమ్మ: ఇది పక్కకు ఒరిగిపోయింది. మీ తమ్ముడి పెళ్లి పందిరి లెక్క.

రాజయ్య: పుల్లలన్నీ సమానమే, అయినా ఇప్పుడు చతురస్రం కాదు. భుజాలూ సమానం కావాలి, కోణాలూ సమానం కావాలి. అప్పుడే క్రమ బహుభుజి.

లక్ష్మమ్మ: అయితే నా పోచంపల్లి చీర మీది డైమండ్లు?

రాజయ్య: అవి నిలువుకు సాగి ఉంటాయి గదా. నాలుగు భుజాలూ ఒక్కటే గానీ కోణాలు వేరు. క్రమం కాదు.

లక్ష్మమ్మ: నా చీర క్రమంగా లేదా!

రాజయ్య: చీరను అన్నానా నేను? (తొందరగా మాట మార్చి) ఇది చూడు. టికెట్ రోలు కాగితాన్ని ముడేసి, మెల్లగా బిగించి అణిచా. ఐదు మూలలు ఎంత సరిగ్గా వచ్చాయో! క్రమ పంచభుజి. ముప్పై ఏళ్లు టికెట్లు కోసిన చెయ్యి ఇది.

(ముడి నిజంగానే బాగా కుదిరింది. ఆయన గొప్పలు మాత్రం అంతకన్నా ఎక్కువ.)

లక్ష్మమ్మ: మూడు చేసి ఒక్క చోట మూలలు ఆనించు. సందు మిగులుతుంది.

రాజయ్య: (ఆనించి) అరే! ఒక్కో మూల 108 డిగ్రీలు, మూడు కలిస్తే 324. చుట్టూ నిండాలంటే 360 కావాలి. 36 డిగ్రీల సందు. నాలుగోది పట్టదు. నీకెట్ల తెలుసు?

లక్ష్మమ్మ: చుక్కలు పెట్టి ఐదు మూలల ముగ్గు ఎన్నిసార్లు వేయబోయానో! సరిగ్గా రానే రాదు, ఉత్తగ చేత్తో గీసుకోవాల్సిందే. అదే 15 చుక్కలు పెట్టి, 8 వచ్చేదాకా సందు చుక్క పెట్టు. ఆరు మూలలు తేలుతాయి, ఏ అంచున లెక్కపెట్టినా 8 చుక్కలే.

రాజయ్య: షడ్భుజి! మూల 120 డిగ్రీలు, మూడు కలిస్తే 360. సందే ఉండదు. తేనెపట్టు కూడా అంతే.

లక్ష్మమ్మ: తేనెటీగకు ఎవరు చెప్పారో, మాకూ వాళ్లే చెప్పారు. దా పిల్లా, వాకిట్లో వేసి చూపిస్తా. ఏమయ్యా, ముందు వాకిలి ఊడ్వాలి. పుల్లలన్నీ విప్పి పొరక కట్టు.

రాజయ్య: స్టాప్ బోర్డు లెక్క ఈ ఎనిమిది మూలలది బాగా కుదిరింది. ఒక్కటి ఉంచుకోనా?

లక్ష్మమ్మ: దాంట్లో ఎనిమిది పుల్లలున్నాయి. ముందు అదే విప్పు.