పోలియో చుక్కలకు కర్మ కరిగిందా?

"మనిషి ఎందుకు పుట్టాడు? సైన్సూ ఒప్పుకున్న 5 నిజాలు" అనే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. ఫార్వర్డ్ చేసేవాళ్లలో బయాలజీ చదివినవాళ్లూ ఉండటమే ఒళ్లు మండే విషయం.

ఒకటి: పెద్దలు 84 లక్షల జీవరాశులన్నారు, 2011లో శాస్త్రవేత్తలు 87 లక్షలని తేల్చారు, లెక్క కలిసింది! తేల్చలేదండీ, అంచనా వేశారు. 13 లక్షలు అటూ ఇటూ కావచ్చని వాళ్లే రాశారు. బ్యాక్టీరియాను అసలు లెక్కలోకే తీసుకోలేదు.

రెండు: దశావతారాలే డార్విన్ సిద్ధాంతం. పంది తర్వాత సగం సింహం ఏ శిలాజంలో దొరికింది? పురాణాన్ని పురాణంలా ఉండనివ్వండి.

మూడు: మానవ దేహంలో లోపమే లేదు, కన్నే సాక్ష్యం. సరే, రెండు చేతులూ ముందుకు చాపి బొటనవేళ్లు పక్కపక్కన నిలబెట్టండి. ఎడమకన్ను మూసి, కుడికంటితో ఎడమ బొటనవేలినే చూస్తూ కుడి బొటనవేలిని మెల్లగా కుడివైపు జరపండి. సుమారు 15 సెంటీమీటర్ల దగ్గర దాని కొన మాయమవుతుంది. నరాలన్నీ రెటీనాకు (కంటి లోపల వెలుతురును పట్టే పొరకు) ముందు పరుచుకుని, ఒకచోట దాన్ని తొలుచుకుని వెనక్కి పోతాయి. అక్కడ చూపు లేదు. ఆక్టోపస్‌కి నరాలు వెనకే ఉంటాయి, ఈ ఇబ్బంది లేదు. మరి ఎవరి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టినట్టు?

నాలుగు: భూమి సూర్యుడికి కాస్త దగ్గరైనా మాడిపోయేవాళ్లం. ఏటా 50 లక్షల కిలోమీటర్ల తేడా వస్తూనే ఉంది. బాగా దగ్గరగా ఉండేది జనవరిలో, మనం దుప్పట్లు కప్పుకునే నెలలో.

ఇక ఐదోది. ఇదొక్కటీ లేకపోతే ఇంత రాసే పనే లేదు. మానవజన్మ వరమట, కాళ్లు చచ్చుబడినా, బిడ్డ లోపంతో పుట్టినా పూర్వజన్మ పాపఫలమట. అలాంటి బిడ్డను చంకనేసుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగే తల్లి ఫోన్‌కీ ఇది వెళ్తుందన్న ఇంగితం ఉండక్కర్లేదా?

దేశంలో వైల్డ్ పోలియో (సహజంగా వ్యాపించే వైరస్‌తో వచ్చేది) కేసులు 2009లో 741, 2010లో 42, 2011లో ఒక్కటి. తర్వాత సున్నా. అంటే పాపాత్ములంతా కూడబలుక్కుని ఇక్కడ పుట్టడం మానేశారా? లేక రెండు చుక్కలకే కర్మ కరిగిపోయిందా?

వెన్ను చీలికతో పుట్టే బిడ్డల సంగతి చూడండి. పిండంలో మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపు మూసుకోవాలి. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలీదు. అందుకే ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భం రావడానికి కనీసం నెల ముందు నుంచే వేసుకోమంటారు. మూడో నెలలో మొదలుపెడితే ఈ లోపాన్ని ఆపలేదు. ముందు ఇలాంటి బిడ్డ పుట్టి ఉంటే మోతాదు చాలా ఎక్కువ, డాక్టరే రాయాలి.

వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు తలసీమియా సంగతి చూడండి. అమ్మానాన్నలిద్దరూ క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకున్నా దాని జన్యువును మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదన్న లెక్క లేదు. మేనమామకూ మేనకోడలికీ సగటున 25 శాతం జన్యువులు ఒకటే, మేనబావామరదళ్లకు 12.5 శాతం. మేనరికాల్లో ఇలాంటి జబ్బులు ఎక్కువ కనిపించడానికి కారణం అక్కడుంది. పెళ్లికి ముందు హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయిస్తే క్యారియర్లెవరో చాలావరకు తెలిసిపోతుంది.

మెసేజ్ చివర "ఎందుకు పుట్టామో సైన్సు చెప్పలేదు" అని ఒక వాక్యం ఉంది. నిజమే, చెప్పలేదు. ఎలా వచ్చామో చెబుతుంది, దేనికోసమో చెప్పడం దాని పని కాదు. నరజన్మ దుర్లభమన్నదీ ఒప్పుకుంటాను: 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లను తుడిచిపెట్టిన ఆ గ్రహశకలం పడకపోతే బహుశా మనం లేనే లేం. ఆ రెండు మాటలూ ఉంచుకోండి. ఐదో పాయింటు మాత్రం చెరిపేసి పంపండి.